సంతకానికి పైన ఒక మాట

మా సార్ ఏ కాగితమూ చదివి సంతకం పెట్టేవారు కాదు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తే చాలు, పెన్ను మూత పళ్ళతో లాగి, గీసేసి, మళ్ళీ మైక్రోస్కోపులో తల దూర్చేవారు. మట్టి గురించి ఏది అడిగినా గంటసేపు చెప్పగలరు. మనుషుల గురించి నాలుగు లైన్లు రాయమంటే మాత్రం ఆయనకు చెయ్యి ఆడదు. అందుకని సిఫారసు లేఖ కావాలని ఎవరు వెళ్ళినా ఒకటే మాట.

"నువ్వే రాసుకురామ్మా. నీ గురించి నాకంటే నీకే బాగా తెలుసు. నేను సంతకం పెడతాను."

ఆ చలికాలం ఆ మాట ఒకే రోజు ఇద్దరితో అన్నారు. ఒకదాన్ని నేను. రెండోది మా ఆడపడుచు.

మేమిద్దరం పనిచేసేది మట్టి పరీక్షల ల్యాబులో. వరద వచ్చి నీళ్ళు నిలిచిపోయిన పొలాల మట్టి మళ్ళీ ఎన్నాళ్ళకు కోలుకుంటుందో చూడటం అక్కడి పని. సంచుల్లో వచ్చిన మట్టిని ట్రేలలో పరిచి నీడన ఆరబెట్టాలి. చెక్క సుత్తితో గడ్డలు చితక్కొట్టి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, జల్లెడ పట్టి, తూచి, సీసాల్లో పోసి చీటీలు అంటించాలి. ఆరేళ్ళుగా నేను చేస్తున్నది అదే. ఆ ఆరేళ్ళలో సార్ రాసిన వ్యాసాలన్నిటిలోనూ నా పేరు చివర్న, కృతజ్ఞతల్లో ఉంటుంది. ఒక్క వ్యాసానికైనా నా పేరు మొదట్లో ఉండాలని నాకు కోరిక. దానికి డాక్టరేటు చెయ్యాలి.

మా ఆడపడుచును రెండేళ్ళ కిందట నేనే అక్కడ చేర్పించాను. ఇంట్లో ఆమె పేరు రేడియో. చిన్నప్పుడు మా ఆయన పెట్టాడు. నిద్ర లేచింది మొదలు ఆగకుండా మాట్లాడుతుంది. మాటకు ముందొక "వదినా", వెనకొక "వదినా". ల్యాబులో నా అసలు పేరు ఏమిటో సగం మందికి తెలియదంటే అది ఆమె చలవే.

ఆ ఏడు పరిశోధనలకు వచ్చే నిధులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో రోజుకొకరు రోజుకో కారణం చెప్పేవారు. పక్క గదిలో యంత్రాల మీద దుప్పట్లు కప్పేశారు. ఎండలు ముదిరేసరికి మా ల్యాబు కూడా మూసేస్తామని ఉత్తరం వచ్చింది. డాక్టరేటుకు నేను ఆరు చోట్ల దరఖాస్తు పెట్టాలనుకున్నాను. మూడు చోట్ల నేను ఫారం తెరిచేసరికే మూసేశారు. ఇంకో రెండు చోట్ల దరఖాస్తు తీసుకుని, ఈ సంవత్సరం ఎవరినీ తీసుకోవడం లేదని మర్నాడే జవాబు పంపారు. మిగిలింది ఊళ్ళోనే ఉన్న పెద్ద పరిశోధన సంస్థ ఒక్కటి. రేడియో కూడా అక్కడికే పెట్టుకుంటోంది. అక్కడ మామూలుగా ఎనిమిది సీట్లు. నోటీసులో ఎనిమిదే వేశారు. వారం తిరిగేసరికి నాలుగన్నారు. ఆ తర్వాత అంకె తీసేసి "పరిస్థితులను బట్టి" అని రాశారు.

ఇవన్నీ చదువుతున్నప్పుడు నాకు ఏమీ అనిపించేది కాదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో అలా ఉండేదాన్ని. లోపల ఏదో లాగుతున్నారని తెలుస్తుంది, అంతే. అప్పటికి నాకు ముప్పై నాలుగు దాటాయి. ముప్పై ఐదు నిండితే ఎక్కడా దరఖాస్తు తీసుకోరు. ఆ సంగతి కూడా ఎవరిదో అయినట్టు తలుచుకునేదాన్ని.

లేఖలు రాసుకురమ్మన్న రోజు మధ్యాహ్నం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మట్టి జల్లిస్తున్నాం.

"వదినా, నన్ను నేను పొగుడుకోవడం నావల్ల కాదు వదినా. సిగ్గేస్తోంది" అంది రేడియో.

"రోజంతా చేసేది అదేగా."

"నోటితో వేరు, కాగితం మీద వేరు. ఒక పని చేద్దాం. నీది నేను రాస్తా, నాది నువ్వు రాయి. కానీ ఎవరిది వాళ్ళు చూసుకోకూడదు."

"ఎందుకు?"

"చూస్తే నువ్వు ఊరుకుంటావా? నేను రాసిన పొగడ్తలన్నీ ఏరి పారేస్తావు, ఈ రాళ్ళలాగా."

నిజమే, పారేసేదాన్ని. సరేనన్నాను. మర్నాడు పొద్దున్నే కూర్చుని ఆమె లేఖ రాశాను. అన్నీ ఉన్నవే రాశాను. చెయ్యి నిలకడ, లెక్క తప్పదు, పొలానికి పంపితే రైతుల్ని ఐదు నిమిషాల్లో కలుపుకుంటుంది. మితభాషి అని ఒక్క అబద్ధం మాత్రం సరదాకి రాసి, మళ్ళీ కొట్టేశాను. రేడియో నా లేఖకు మూడు రోజులు తీసుకుంది. నేను దగ్గరికి వెళ్తే కంప్యూటరు తెర మీద అరచేతులు అడ్డం పెట్టేది. రెండూ ల్యాబు పేరున్న కాగితాల మీద అచ్చు వేసి సార్ ముందు పెట్టాం. పెన్ను మూత పళ్ళతో లాగి రెండిటిమీదా సంతకం పెట్టారు. గుమాస్తా కవర్లలో పెట్టి, అతికించి, ముద్ర వేసి పంపించేశాడు.

ఇంటర్వ్యూకు వారం ముందు చివరి నోటీసు వచ్చింది. సీటు ఒకటే. పిలుపు పదకొండు మందికి. అందులో మేమిద్దరం ఉన్నాం.

మా అత్తగారు బట్టలు కుడతారు. ఆ కబురు విని కుట్టుమిషను తొక్కడం ఆపి కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఒక్క సీటులో మీరిద్దరూ ఎలా కూర్చుంటారే?"

"ఇరుక్కుని కూర్చుంటారులే అమ్మా" అన్నాడు మా ఆయన. లిఫ్టులు బాగుచేసే మనిషి, బరువుల గురించి బాగా తెలుసు. "రేడియో బరువెంత, గాలి తీసేస్తే గుప్పెడు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. రేడియో నా పక్కకు వచ్చి కూర్చుంది.

"నీకొస్తే నాకొచ్చినట్టే వదినా" అంది.

ఆ మాట నేను తిరిగి అనలేదు. ఆమెకొస్తే నాకు రానట్టే. ఆమెకు ఇంకా పాతిక. ఈ ఏడు కాకపోతే ఇంకో ఏడు, కాలం ఎప్పుడో ఒకప్పుడు బాగుపడుతుంది. నాకు మాత్రం ఇదే ఆఖరు. ఆ పిల్ల జవాబులు తడబడితే బాగుండునని అనుకున్నాను కూడా. అనుకుని, లేచి వెళ్ళి గిన్నెలు కడిగాను.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు. మధ్యలో ఒక పెద్దావిడ, ఆవిడకు కుడివైపు బట్టతలాయన, ఎడమవైపు మాట్లాడకుండా రాసుకునే ఆయన ఒకరు. అరగంట మట్టి గురించే అడిగారు. నీళ్ళు నిలిస్తే మట్టిలో గాలి ఎలా పోతుంది, ముందు ఏ జీవులు చస్తాయి, ముందు ఏవి తిరిగొస్తాయి. తడుముకోకుండా చెప్పాను. నా చేతుల్లోంచి వెళ్ళిన మట్టే కదా. బట్టతలాయన తల ఊపుతూ పోయాడు. పెద్దావిడ ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. మా ల్యాబు కాగితం.

"ఈ లేఖ మీ సార్ రాసిందేనా?"

"సంతకం ఆయనదేనండి."

"సంతకం సంగతి అడగలేదు." ఆవిడ కాగితం కాస్త దూరంగా పట్టుకుని చదివింది. "'ఫలితంలో తేడా ఉందని అనుమానం వస్తే చాలు, ఎవరూ అడగకపోయినా మా వదిన మొదటినుంచి మళ్ళీ చేస్తుంది.'"

బట్టతలాయన నవ్వు దాచుకోవడానికి దగ్గాడు.

"లేఖంతా 'ఈ అభ్యర్థిని' అనే ఉంది" అంది పెద్దావిడ. "ఆఖరి పేరాలో, సంతకానికి సరిగ్గా పైన, మా వదిన. మీరు ఆయనకు వదిన అవుతారా?"

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. మూడు రోజులు కూర్చుని మొత్తం దిద్దుకున్న పిల్ల ఒక్కచోట మర్చిపోయింది.

"టైపు చేసినవాళ్ళ పొరపాటేమోనండి" అన్నాను.

"టైపు చేసినవాళ్ళకైనా మీరు వదిన కావాలి కదమ్మా" అన్నాడు బట్టతలాయన.

పెద్దావిడ నవ్వలేదు. "చూడండి. మీరు ఆయనకు బంధువులైతే ఈ లేఖ చెల్లదు. బంధువులు సిఫారసు చెయ్యకూడదని ఫారంలోనే ఉంది. మీ దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. అలా కాకుండా, ఇది ఆయన రాసిందే కాదు, ఎవరో రాస్తే సంతకం పెట్టారు అంటే సంగతి వేరే. అప్పుడు ఆయన సంతకంతో వచ్చిన లేఖ దేన్నీ మేం నమ్మలేం. ఆయన దగ్గర్నుంచి ఇంకొక అమ్మాయి వచ్చింది ఇవాళ. ఆమెదీ పక్కన పెట్టాలి."

మేమిద్దరం ఒకే ఇంటివాళ్ళమని వాళ్ళకు తెలియదు. నా సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరే ఉంది. తలుపుకున్న అద్దంలోంచి వరండా కనిపిస్తోంది. రేడియో బెంచీ మీద కూర్చుని నోట్సు చదువుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి.

దీన్ని త్యాగం అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా సీటు ఎటు చెప్పినా పోయేదే. నాతోపాటు ఇంకొకటి పోవాలా వద్దా అన్నదే మిగిలింది. అది తేల్చుకోవడానికి సీసాలో మట్టి తూచినంతసేపు కూడా పట్టలేదు. మనసు కదిలిందనీ చెప్పలేను. నోరు దానంతట అది తెరుచుకుంది.

"అవునండి" అన్నాను. "వరసకి వదిననే."

"ఫారంలో బంధుత్వం లేదని రాశారు."

"తప్పేనండి."

ఆవిడ నావైపు చాలాసేపు చూసింది. తర్వాత ఫైలు మూసింది. "మీ జవాబులు చాలా బాగున్నాయి" అంది, నేను లేచి నిలబడ్డాక.

బయటికి రాగానే రేడియో చెయ్యి పట్టుకుంది. "ఏమడిగారు వదినా? కష్టంగా ఉందా వదినా?"

"మట్టి గురించే. గబగబా మాట్లాడకు. ప్రశ్న పూర్తయ్యాక నోరు తెరువు."

ఆమె లోపలికి వెళ్ళింది. నేను మెట్లు దిగి, సైకిళ్ళు పెట్టే చోట నిలబడి సార్‌కి ఫోన్ చేశాను.

"సార్, నేను మీకు వదిననయ్యాను."

"ఎప్పుడమ్మా?"

"పది నిమిషాలైంది సార్."

జరిగింది చెప్పాను.  అంతా విన్నాక ఆయన ఆ వాక్యం ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను.

"చదవాల్సిందమ్మా నేను" అన్నారు. "నిజమే రాసింది ఆ పిల్ల." మళ్ళీ ఆయనే, "నేను ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. తప్పు నాది" అన్నారు.

"చెప్తే దానిదీ పోతుంది సార్. వాళ్ళు అడిగితే అవునని ఒక్క ముక్క అనండి, చాలు."

"మా అన్నయ్య అసలు పెళ్ళే చేసుకోలేదు కదమ్మా."

"వరసకి అన్నాను సార్. వరసకి అంటే ఎవరైనా పడతారు."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. సాయంత్రం వాళ్ళు నిజంగానే ఫోన్ చేశారట. అవునన్నారట.

పది రోజులకు జాబితా పెట్టారు. జాబితా అంటే ఒకటే పేరు. మా రేడియోది. ఇల్లంతా గంతులు వేసి, మధ్యలో నన్ను చూసి ఠక్కున ఆగిపోయింది. "వదినా" అని మెడ కావలించుకుంది. నేను వీపు తట్టాను. సంతోషంగా ఉందని చెప్పాను. ఆ మాటలో అబద్ధం లేదు, అలాగని సంతోషమూ లేదు. మా ఆయనకు ఒక్కడికే జరిగింది చెప్పాను. "దానికి తెలియనివ్వకు" అన్నాడు.

మా అత్తగారు వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"నీ మొహం చూస్తే ఏమీ తెలియట్లేదు అమ్మాయ్. ఏడవాలనిపిస్తే ఏడువు. ఎవరూ ఏమీ అనుకోరు."

"రావట్లేదు అత్తయ్యా."

"అదే నాకు భయంగా ఉంది" అన్నారావిడ.

ఎండలు ముదిరాయి. ల్యాబు సర్దేశాం. ఆరేళ్ళ మట్టి సీసాలు పెట్టెల్లోకి ఎక్కించాం. ఆ రోజుల్లో సార్‌కి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. "వదినగారూ, ఆ ట్రేలు ఇటివ్వండి" అనేవారు. మళ్ళీ ఎవరైనా ఫోన్ చేస్తారేమో, నోటికి అలవాటుంటే మంచిదని మొదలుపెట్టారట. తర్వాత మానలేకపోయారు. ఆయన తననే వెక్కిరిస్తున్నారనుకుని రేడియో పడీపడీ నవ్వేది. తాళం వేసిన రోజు ఆయన నా చేతిలో ఒక కాగితం పెట్టారు. ఎక్కడైనా ఉద్యోగానికి పనికొస్తుందని నా గురించి రాసిన లేఖ. పది లైన్లు, సొంత చేతిరాత, నిండా కొట్టివేతలు. బడిపిల్లల వ్యాసంలా ఉంది. దాంతోనే నాకు విత్తనాలు పరీక్షించే ఒక చోట పని దొరికింది.

రేడియో ఆ సంస్థలో చేరిన రోజు సాయంత్రం ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. ఏదో ఫైలు తెరిచి చివరికంటా జరుపుకుంటూ వెళ్ళింది. అక్కడ ఆగి అలాగే చూస్తూ ఉండిపోయింది. నేను గుమ్మంలోంచి చూశాను, లోపలికి వెళ్ళలేదు.

తర్వాత నాలుగు రోజులు మామూలుగానే గడిచాయి. వెళ్ళింది, వచ్చింది, తింది. "తాళం ఎక్కడుంది?" "నీళ్ళు పట్టనా?" "బస్సు దొరికిందా?" మాట్లాడుతూనే ఉంది. ఏదో తక్కువగా ఉందని రెండో రోజే అనిపించింది. ఏమిటో తెలిసేసరికి నాలుగో రోజైంది. ఆమె నన్ను పిలవడం లేదు.

ఆదివారం పొద్దున ఆరిన బట్టలు మడత పెడుతున్నాను.

"దువ్వెన చూశావా?" అంది వెనకనుంచి.

"ఎవర్ని అడుగుతున్నావు?"

 నేను మడత ఆపి వెనక్కి తిరిగాను. గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"మా సంస్థ ఆఫీసులో గుమాస్తా నవ్వుతూ చెప్పాడు" అంది. "ఈసారి ఒక పెద్దాయన సొంత వదినకే సిఫారసు రాశాడట. దాచుకోవడం కూడా చేతకాలేదట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సగం నవ్వాక తెలిసింది." ఊపిరి తీసుకుంది. "ముందు నాకొచ్చినట్టు రాసుకున్నా. తర్వాత ఆ మాట ఉన్నచోటల్లా అభ్యర్థిని అని మార్చా. రెండుసార్లు చూసుకున్నా. అయినా అది కంటికి ఆనలేదు. పొద్దస్తమానం అనే మాట కదా, తప్పని ఎలా తెలుస్తుంది?"

"పోనీలే."

"ఉన్నది చెప్పేస్తే అయిపోయేదిగా. ఇద్దరికీ పోయేది. పోతే పోయేది. నేను మానేస్తాను."

"మానేస్తే ఆ సీటు గాల్లో కలిసిపోతుంది. నాకు రాదు. నాకు వచ్చే నెల ముప్పై ఐదు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"పిలువు."

తల అడ్డంగా ఊపింది. "నీ సీటు తీసింది ఆ మాటే. నోట్లోకి రావట్లేదు. ప్రయత్నించా. అద్దం ముందు కూడా ప్రయత్నించా."

అప్పుడు కోపం వచ్చింది నాకు. చలికాలమంతా ఎవరిమీదా రానిది, నిధులు ఆపినవాళ్ళ మీద రానిది, సార్ మీద రానిది, ఆ పిల్ల మీద వచ్చింది.

"ఏ చుట్టరికమూ లేని అరవై ఏళ్ళాయన నన్ను నోరారా పిలుస్తున్నాడే! నువ్వు పిలవవా? సీటు పోయింది, ల్యాబు పోయింది. ఇది కూడా పోవాలా నాకు?"

 చేతిలో ఉన్నది మా ఆయన చొక్కా. దాంట్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. అత్తగారి కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆవిడ ఇవతలికి రాలేదు. రేడియో పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

నేను మొహం తుడుచుకుని మళ్ళీ మడతలు మొదలుపెట్టాను. తువ్వాళ్ళయ్యాయి, దిండు గలీబులయ్యాయి. లోపల బీరువా తలుపు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు.  తర్వాత బొంగురు గొంతుతో, తలుపు వెనకనుంచి వినిపించింది.

"వదినా."

నేను వెంటనే పలకలేదు. ఇంకొకసారి వినాలనిపించింది.